నేపథ్యం అలంకారం కాదు

మాంగాలో కథంటే పాత్రలూ సంభాషణలేననీ, వెనుక బొమ్మలు ఖాళీ నింపడానికేననీ కొందరి వాదన. నేనొప్పుకోను.

అషినానో హితోషి ‘యొకొహామా కైదాషి కికో’ (1994–2006) చూడండి. సముద్రం పొంగి లోకం మునుగుతోందని అందులో ఎవరూ ఉపన్యసించరు. నీళ్ళలోకి దిగిపోయే రోడ్డు, మునిగిన ఊళ్ళో రాత్రి వెలిగే వీధిదీపాలు ఆ సంగతి చెబుతాయి. నిహెయ్ త్సుతోము ‘బ్లామ్!’ (1997–2003)లో నాయకుడు నోరు విప్పడమే అరుదు. అంతులేని కట్టడాల నడుమ చీమంతగా కనబడడంలోనే అతని ఒంటరితనమంతా ఉంది. ఆ గోడలు చెరిపేస్తే మిగిలేది తుపాకి పట్టిన మనిషొక్కడే, కథ కాదు.

మాటలు మాత్రమే చదివి పేజీ తిప్పేవారు సగం పుస్తకమే చదివినట్టు. ఒకప్పుడు నేనూ ఆ బాపతే. కాదంటారా? మాటల బుడగలు మూసి ఆ పేజీలు మరోసారి చూసి రండి, అప్పుడు వాదిద్దాం.