చేపల వేటకు చెరసాలయా?

2018 నవంబరులో గుజరాతునందలి వేరావలు మరపడవలపై వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తానువారు నడిసముద్రమున పట్టుకొనిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా స్వదేశము చేరిరి. ఏడాదికి పైగా చెరలో మ్రగ్గిన వీరు, పొట్ట చేతబట్టుకొని దేశమున ఆ చివరకు పోయిన కూలివారు. ఇట్టివారికి అంతర్జాతీయ న్యాయము ఏమి రక్షణ కల్పించుచున్నది?

1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారము, తీరమునుండి 200 నాటికల్ మైళ్ళ వరకు గల ప్రత్యేక ఆర్థిక మండలములోని మత్స్యసంపదపై తీరదేశమునకు హక్కు గలదు. అయినను, అచ్చట వేట నిబంధనలను మీరిన పరదేశీయులకు, ఆయా దేశముల మధ్య వేరు ఒప్పందము లేనిచో, కారాగార శిక్ష విధింపరాదని 73వ అధికరణము శాసించుచున్నది. తగిన పూచీకత్తు గైకొని పడవను, మనుష్యులను సత్వరము విడువవలెను. ఈ ఒడంబడికను భారతదేశము 1995లోను, పాకిస్తాను 1997లోను ధ్రువపరచినవి.

తీరమునకు 12 మైళ్ళలోపు ప్రాదేశిక జలములకు ఈ అధికరణము వర్తింపదు. దేశరక్షణయు ఉపేక్షింపదగినది కాదు. నిజమే. కాని సర్ క్రీక్ తగవు తెగక, అచ్చటి సముద్రపు సరిహద్దే నిర్ణయము కాలేదు. ప్రభుత్వములు గీయని గీతను దాటెనని జాలరిని దండించుట ధర్మమా?

2008 నాటి ఉభయదేశ ఒప్పందము ప్రకారము, ఖైదీలను చూచుటకు దౌత్యోద్యోగులకు మూడు మాసములలో అవకాశమొసగవలెను. శిక్ష ముగిసి, జాతీయత ధ్రువపడిన మాసములోపల స్వదేశమునకు పంపవలెను. ఏటేట జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకొనవలెను. 2025 జనవరి 1 నాటి జాబితాలలో పాకిస్తాను చెరలో 217 మంది, మన చెరలో 81 మంది మత్స్యకారులుండిరి. విరోధము ముదిరిన ఆ యేడును జూలైలో జాబితాలు మారినవి. కాగితములు దాటిన సరిహద్దును మనుష్యులు దాటుటకు ఏండ్లు పట్టనేల?

పొరుగు భాషల నడుమ బ్రదుకు మన పాఠకులకు మరియొక సంగతి విశదముగా తెలియును. కచ్చేరిలో తన మాట నెరిగినవాడు లేనివాని పాట్లు చెప్పనలవి కానివి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 14వ అధికరణము, మోపిన నేరమును నిందితునికి తెలిసిన భాషలో వెంటనే తెలుపవలెననియు, అవసరమైనచో దుబాసీని ఉచితముగా ఏర్పరుపవలెననియు విధించుచున్నది. దీనిని భారతదేశము 1979లోను, పాకిస్తాను 2010లోను అంగీకరించినవి. కరాచీలోని తెలుగు జాలరికిని, గుజరాతులోని సింధీ జాలరికిని ఈ హక్కు సమానమే.

కావున ఉభయ ప్రభుత్వములును 73వ అధికరణమును ఆచరణలో పెట్టవలెను. విశ్రాంత న్యాయమూర్తులతో 2007లో ఏర్పడి, 2013 తరువాత పర్యటనలు నిలిచిపోయిన ఉభయదేశ న్యాయసంఘమును పునరుద్ధరింపవలెను. పడవ యజమానులు ప్రతి కూలివాని పేరు, ఊరు, భాష, బంధువుల చిరునామా వ్రాసి రేవులో ఉంచవలెను. ఇందులో ఏ ఒక్కటియు నూతన చట్టమును కోరునది కాదు. చేసిన సంతకమునకు కట్టుబడిన చాలును.