బెల్లం గుడ్లు పెట్టదు

పిల్లవాడు బెల్లం ముక్క కోసం చెయ్యి చాస్తే పెద్దవాళ్ళ నోట వచ్చే మాట ఒకటే: తీపి ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయి. నిద్రలో పళ్ళు కొరికినా పురుగులే, ముఖాన తెల్లమచ్చ వచ్చినా పురుగులే, అన్నం సయించకపోయినా పురుగులే. ఆకలి ఎక్కువైనా అదే తీర్పు. ఇన్ని లక్షణాలకు ఒకే కారణం చెబుతున్నప్పుడు ఆ మాటను పరీక్షించి చూడాలి. పరీక్ష కష్టమైనదేమీ కాదు. పెద్ద పురుగులు పేగుల్లో కాపురం ఉంటే వాటి గుడ్లు మలంలో కనపడాలి.

అగ్గిపుల్ల తలంత మలాన్ని సెలైన్ చుక్కలో కలిపి, గాజు స్లైడు మీద పలచగా పరిచి, కవర్ స్లిప్ వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. ఏలికపాము గుడ్డు పొడవు మిల్లీమీటరులో 20వ వంతు, లేదా కొంచెం ఎక్కువ. పైత్యరసం పట్టి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పెంకు మందం, అంచు చుట్టూ బుడిపెలు. కొంకిపురుగు గుడ్డుకు రంగే ఉండదు. దాని పెంకు పలచన. లోపల నాలుగో ఎనిమిదో కణాలుగా చీలిన పిండం, దానికీ పెంకుకూ మధ్య స్పష్టమైన ఖాళీ కనిపిస్తాయి. కొరడాపురుగు గుడ్డు రెండు చివరలా బిరడాలు బిగించిన పీపాలా ఉంటుంది. బద్దెపురుగు గుడ్డు గుండ్రంగా, మందపు గోడ మీద సన్నని గీతలతో, లోపల ఆరు కొక్కేలతో ఉంటుంది. ఆ పురుగు పందిమాంసంతో వచ్చిందో గొడ్డుమాంసంతో వచ్చిందో గుడ్డును బట్టి చెప్పలేం. చెప్పలేమని ఒప్పుకోవడం కూడా ఆ శాస్త్రంలో భాగమే.

స్లైడు మీద గుండ్రంగా కనిపించేదల్లా గుడ్డు కాదు. పుప్పొడి రేణువులు, కూరగాయల కణాలు, గాలి బుడగలు, కొవ్వు బొట్లు కొత్తవాళ్ళను తరచూ మోసం చేస్తాయి. అందుకే కొలత, రంగు, పెంకు, లోపలి పిండం అన్నీ సరిపోతేనే రిపోర్టులో పురుగు పేరు రాస్తారు. తీపి గురించిన మాటకు ఇలాంటి షరతు ఎవరూ పెట్టలేదు. తరతరాలుగా అది బతికింది అందుకే.

అసలు సంగతి ఏలికపాము గుడ్డు లోపల ఉంది. తాజా మలంలోని గుడ్డులో ఒకే కణం ఉంటుంది, పిల్ల ఉండదు. శరీరపు వేడిలో, ప్రాణవాయువు అందని పేగులో అది ఎదగదు. బయట తడినేలలో రెండు మూడు వారాలు గడిచాకే లోపల పిల్ల తయారై సోకే దశకు వస్తుంది. ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. వాటిలో ఒక్కటి కూడా ఆ కడుపులోనే పిల్లగా మారదు. అంటే ఒక బిడ్డ కడుపులో పది ఏలికపాములు ఉంటే, కనీసం పది గుడ్లు బయటినుంచి ఆ నోట్లోకి వెళ్ళాయన్నమాట. అందులో ప్రతి గుడ్డూ అంతకుముందు ఎవరి మలంలోనో ఉన్నదే. చక్కెరకు ఇందులో ఏ పాత్రా లేదు.

మింగిన గుడ్డే పురుగవుతుందన్నది ఊహ కాదు. జపాన్‌లో షిమెసు కొయినో అనే వైద్యుడు ఎదిగిన ఏలికపాము గుడ్లు 2000 తానే మింగాడు. కొద్ది రోజుల్లో జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఆయన కఫంలో పురుగు పిల్లలు కనిపించాయి. పేగులో పొదిగిన పిల్ల రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరి, గొంతు దాకా పాకి, మళ్ళీ మింగుడుపడి పేగుకు తిరిగి వస్తుందని 1922లో అలా రుజువైంది. ఒక మనిషి తన ఒంటినే సాక్ష్యంగా పెట్టి తేల్చిన విషయమది.

పాతవాళ్ళను నేను తప్పుపట్టను. చరకసంహిత క్రిములను 20 రకాలుగా లెక్కపెట్టి, కఫం వల్ల పుట్టేవాటికి బెల్లం, పాలు, నువ్వులు, చేపల వంటివాటిని కారణంగా చెప్పింది. అథర్వవేదంలో క్రిములను చంపే మంత్రాలు ఉన్నాయి. కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుట్టవని 1668లో ప్రయోగం చేసి చూపిన ఇటలీ పండితుడు రెడీ సైతం మనిషి పేగుల్లోని పురుగులు ఒంట్లోనే పుడతాయని అనుకున్నాడు. గుడ్డును చూడలేని కాలంలో అంతకుమించి ఎలా తెలుస్తుంది? జిల్లా ఆసుపత్రిలో మైక్రోస్కోపు ఉన్న ఈ కాలంలో కూడా అదే మాట పట్టుకు వేలాడటం మాత్రం క్షమించరానిది. ఎందుకంటే బెల్లాన్ని నిందించినంతకాలం మరుగుదొడ్డి గురించి ఎవరూ మాట్లాడరు.

శుచి పేరుతో మనం పాటించేవాటినీ ఈ గుడ్డు ముందు నిలబెట్టి చూడాలి. మడి ఎవరు ముట్టుకున్నారని అడుగుతుంది కానీ, గోటి కింద ఏముందని అడగదు. పసుపునీళ్ళు చల్లితే, గోమూత్రం చిలకరిస్తే చోటు శుద్ధి అవుతుందంటారు. ప్రయోగశాలల్లో ఏలికపాము గుడ్లను పలచని ఫార్మలిన్‌లో ఉంచి పెంచుతారు. శవాలు కుళ్ళకుండా వాడే ఆ ద్రవంలోనే లోపలి పిల్ల నిక్షేపంగా ఎదుగుతుంది. పసుపునీళ్ళకు అంతకంటే శక్తి ఉందనేవారు నిరూపించవచ్చు. గుడ్లను సగం మామూలు నీళ్ళలో, సగం పసుపునీళ్ళలో ఉంచాలి. మూడు వారాల తర్వాత, ఏది ఏ గిన్నెలోదో తెలియని మనిషి చేత రెండింటినీ మైక్రోస్కోపు కింద లెక్కపెట్టించాలి. ఎదిగిన గుడ్డు సోకుతుంది కనుక ఆ పని లాబులోనే జరగాలి. ఫలితం ఏదైనా నేను ఒప్పుకుంటాను. నమ్మకం వైపునుంచీ అదే మాట రావాలని అడుగుతున్నాను.

కొంకిపురుగు కథ ఇంకా బాధాకరం. దాని పిల్ల నోటితో పని లేకుండా, మలం కలిసిన తడిమట్టిలోంచి ఉత్తకాళ్ళ చర్మం తొలుచుకుని లోపలికి వస్తుంది. పేగు గోడ పట్టుకుని రోజూ రక్తం తాగుతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పాలిపోయిన ఆడమనిషికి గాలి సోకిందని తాయెత్తు కట్టి, కోడిని కోయించిన ఊళ్ళు మనవే. దళితులు చెప్పులు వేసుకుని వీధిలో నడవకూడదని శాసించిన ఊళ్ళూ మనవే. హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటితో సేద్యం చేసే కుటుంబాల మలాన్ని పరీక్షించిన అధ్యయనం 2008లో అచ్చయింది. శుద్ధి కాని నీళ్ళు వాడినవారిలో ఈ పురుగుల బెడద ఎక్కువని తేలింది. దానికి భూతవైద్యుడు ఏం జవాబు చెబుతాడు?

మైక్రోస్కోపుకూ హద్దులున్నాయి. కడుపులో మగ ఏలికపాములే ఉంటే గుడ్డు కనిపించదు. గుడ్డు మింగిన మొదటి రెండు నెలల్లోనూ కనిపించదు. నులిపురుగు సంగతి మరీ వేరు. ఆడపురుగు రాత్రిపూట మలద్వారం బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది కనుక మల పరీక్షలో అవి చాలావరకు దొరకవు. బిడ్డ రాత్రంతా గోక్కుంటూ ఏడిస్తే దిష్టి తీసి ఊరుకుంటారు. ఆ పని మాని, తెల్లవారగానే కడగకముందే పారదర్శకమైన టేపును అక్కడ అద్ది, స్లైడు మీద అంటించి లాబుకు ఇవ్వాలి. ఒక పక్క చదునుగా, మరో పక్క ఉబ్బెత్తుగా ఉన్న గుడ్లు కనిపిస్తే సందేహం తీరుతుంది. ఆ గుడ్లు కొన్ని గంటల్లోనే సోకే దశకు వచ్చి గోళ్ళకూ దుప్పట్లకూ అంటుకుంటాయి. అందుకే డాక్టరు ఆ బిడ్డతో పాటు ఇంట్లో అందరికీ ఒకేరోజు మందు రాసి, రెండు వారాల తర్వాత మళ్ళీ వేయమంటాడు.