ఐదు వందల ఫైను, ఐదున్నరేళ్ళ చదువు



మళ్ళీ పొడుగ్గా రాస్తా ఉన్నాను, ఓపిగ్గా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినోణ్ణి, నా తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దండి. విషయాన్ని మాత్రం వదలొద్దండి.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో చదువు సాయం అప్లికేషన్లు చూసినాము. ఒక అబ్బాయి మూడోసారి నీట్ రాసి ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్నాడు. పేరు ఇక్కడ రాయను. మన ఫారంలో "మీమీద ఎప్పుడైనా పోలీసు కేసు ఉందా?" అని ఒక కాలం ఉంది కదా. అందరూ చూడకుండానే "లేదు" అని రాసే ఆ కాలంలో వాడు "ఉంది" అని రాసినాడు. రెండేళ్ళ కింద బంగారపేటలో ట్రైను తప్పిపోతుందని పట్టాలు దాటినాడంట. ఆర్పీఎఫ్ వాళ్ళు పట్టుకున్నారు. కోర్టులో ఐదు వందలు ఫైను కట్టినాడు. రసీదు జెరాక్సు కూడా జత చేసినాడు.

"కేసున్నోడు రేపు డాక్టరు ఎట్లవుతాడు? మన సంఘం పేరు ఏం కావాల?" అని ఒక పెద్దాయన అన్నారు. అప్లికేషన్ పక్కన పెట్టేసినారు. ఆయనంటే నాకు గౌరవం. ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నాను, అది నా తప్పు. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ముందు మన ఊరి సంగతి గుర్తు చేసుకోండి. 2001 ఫిబ్రవరి 28న మైన్స్ మూసేసినాక మన పిల్లలకు చదువైనా పనైనా బెంగళూరే దిక్కయింది. మారికుప్పం, చాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో తెల్లారకముందే నిలబడే జనాన్ని మీరూ చూసినారు. పట్టాలు దాటనోళ్ళు మనలో ఎందరున్నారు? దాటడం మంచిదని చెప్పడం లేదు. రైల్వేలో పని చేసినోణ్ణి, పట్టాల మీద పోయిన ప్రాణాల గురించి నాకు తెలుసు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరమే. ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా ఫైను, లేదా రెండూ పడొచ్చు. కానీ దొరికినోడు చెడ్డోడు, దొరకనోడు మంచోడు అనుకుంటే అది న్యాయం కాదు.

ఇంక డాక్టరు సంగతికి వస్తాను. మన దేశంలో ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకు మీద వస్తుంది. డాక్టరు అయినాక కూడా, 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నీతి నియమావళి నైతిక పతనం కిందికి వచ్చే నేరాలకు కోర్టులో శిక్ష పడడాన్ని దుష్ప్రవర్తనగా లెక్కేస్తుంది. మోసం, లంచం, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం లాంటివి ఆ లెక్కలోకి వస్తాయి. ట్రైను కోసం పట్టాలు దాటిన పిల్లోణ్ణి ఆ వరసలో నిలబెడతామా?

మన కలబురగి జిల్లాలో జరిగింది చూడండి. అఫ్జల్‌పూర్ వైపు ఒకాయన ఎంబీబీఎస్ చదువుతా ఉండగా 2002లో హత్య కేసులో అరెస్టయినాడు. యావజ్జీవ శిక్ష పడింది. 2016లో సత్ప్రవర్తన కింద విడుదలై, ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టి 2019లో ఎంబీబీఎస్ పూర్తి చేసినాడు. పేపర్లలో వచ్చిన విషయమే. హత్య చిన్నదని నేననను. అంత పెద్ద శిక్ష అనుభవించినోడికే చదువు తలుపు పూర్తిగా మూయలేదు. ఐదు వందల ఫైనుకు మనం మూసేస్తామా?

ఇప్పుడు అసలు మాట. నేను క్లర్కుగా ఉన్నప్పుడు కొత్తగా పనికి వచ్చే పిల్లల అటెస్టేషన్ ఫారాలు నా టేబుల్ మీదికి వచ్చేవి. ఎప్పుడైనా అరెస్టు అయినారా, ఫైను పడిందా, కేసు నడుస్తా ఉందా అని అందులో వేరువేరుగా అడుగుతారు. ఒక పిల్లోడు ఏదో వీధి గొడవలో ఫైను కట్టినాడు. ఫారంలో "లేదు" అని రాసినాడు. పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడింది. గొడవ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "లేదు" అని రాసిన ఆ ఒక్క మాటకు ఉద్యోగం పోయింది. వాళ్ళ నాయన వచ్చి మెట్ల మీద కూర్చున్నది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో చెప్పింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు తీర్పిచ్చినారు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే, దాచినా కూడా క్షమించవచ్చు అన్నారు. పెద్ద కేసు దాస్తే తీసేయవచ్చు అన్నారు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, అదీ చెప్పినారు. ఇది ఉద్యోగాల తీర్పే కానీ, ఈ అబ్బాయి రేపు సర్కారు ఆసుపత్రి పనికి పోతే అట్లాంటి ఫారమే చేతికిస్తారు. ఈరోజు మన చిన్న ఫారంలో నిజం రాసినందుకు శిక్ష వేస్తే, రేపు ఆ పెద్ద ఫారంలో అబద్ధం రాయమని మనమే నేర్పినట్టు.

తల్లిదండ్రులకు ఇంకో రెండు మాటలు. పద్దెనిమిదేళ్ళు నిండకముందు చేసిన తప్పయితే, 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల ఏ అనర్హతా అంటదు. పదహారు దాటి ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళ లాగా విచారణ జరిగితే మాత్రం ఈ రక్షణ లేదు. రెండోది, ముగిసిన కేసు కన్నా నడుస్తా ఉండే కేసే ఎక్కువ అడ్డం. జార్జియా, రష్యా, ఫిలిప్పీన్స్ అని మెడిసిన్‌కు పంపాలనుకునే వాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. కోర్టులో కేసు పెండింగ్ ఉంటే పాస్‌పోర్టు ఆపవచ్చు, అప్పుడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాల. సమన్లు వస్తే బీరువాలో పెట్టి మర్చిపోవద్దు, వారంటు దాకా పోతుంది. "ఒప్పేసుకో, పని అయిపోతుంది" అని ఎవరో చెప్పినారని సంతకం పెట్టొద్దు, ముందు వకీలును అడగండి. డబ్బు లేదంటే కోర్టులో ఉచిత న్యాయ సేవల వాళ్ళున్నారు. 1987 చట్టం కింద ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీ వాళ్ళకు, ఆదాయం తక్కువ ఉన్నోళ్ళకు వకీలును ఊరికే ఇస్తారు. కేసు ముగిసినాక ఆర్డరు కాపీ తీసి భద్రంగా పెట్టుకోండి.

అన్నీ వదిలేయమని నేననను. ఒకరి పేరుతో ఇంకొకరు పరీక్ష రాసినా, గంజాయి అమ్మినా, ఆడబిడ్డను వేధించినా సంఘం అడగాల్సిందే. రోగి నమ్మకంతో చెయ్యి చాపుతాడు, ఆ చెయ్యి పట్టుకునేవాడు ఎట్లాంటోడో చూడాల్సిందే. చూడడం అంటే ఏం జరిగింది, అప్పుడు వయసెంత, ఆ తర్వాత ఎట్లున్నాడు అని కనుక్కోవడం. "ఉంది" అనే మాట చూసి కాగితం పక్కన పడేయడం కాదు.

కాబట్టి వచ్చే ఆదివారం మీటింగులో నేను మూడు మాటలు పెడతాను. ఒకటి, ఆ అబ్బాయి అప్లికేషన్ మళ్ళీ తీయాల. రెండు, మన ఫారంలో ఆ కాలం మార్చి, "ఉంటే వివరం రాయండి, చిన్న తప్పుకు సాయం ఆగదు" అని అచ్చు వేయాల. మూడు, పిల్లలు రాసిన ఆ వివరం ఇద్దరు ముగ్గురు పెద్దలే చూడాల, మీటింగులో గట్టిగా చదవకూడదు. పోయినసారి చదివినాము. రాబర్ట్‌సన్‌పేట ఎంత చిన్నదో మీకు తెలుసు. సాయంత్రానికి వాళ్ళ వీధి దాకా పోయింది, వాళ్ళమ్మ రెండు రోజులు బయటికి రాలేదంట.

మొత్తం గుంపులో నిజం రాసింది ఆ ఒక్కడే. డాక్టరుకు కావాల్సిన మొదటి గుణం వాడు మన ఫారంలోనే చూపించినాడు. కాలేజీ ఫీజు కట్టే తేదీ దగ్గర పడుతా ఉంది. ఆదివారం పదకొండు గంటలకు అందరూ రండి. నాతో ఒప్పుకోనోళ్ళు తప్పకుండా రండి.