విద్యుత్పలకపై రేఖాభ్యాసము

తాళపత్రముపై వ్రాయు ఇనుప సాధనమును తెలుగువారు గంటమని పిలిచిరి. గంటముతో గీచిన గీత మొదట కంటికి సరిగా కనబడదు. ఆకుపై మసి పూసి తుడిచినపుడు గీతలో నలుపు నిలిచి అక్షరము రూపు దాల్చును. ఒకసారి పడిన గీతను మాన్పుట సాధ్యము కాదు. కావుననే ఆ లేఖకుల చేతికి తొందర తెలియదు. నేడు పుస్తకములు చదువుకొనుటకై నిర్మింపబడిన ఈ-రీడరు అను పలకపై స్టైలస్ అను సాధనముతో బొమ్మలు గీయుచున్నారు. స్టైలస్ అనగా గంటమే. పేరు క్రొత్తదైనను పని పాతదే. కాని గీత నిలుచు తీరు మాత్రము మారిపోయినది. ఈ మార్పు చిత్రలేఖనము నేర్చు విద్యార్థికి మేలు చేయునా, కీడు చేయునా అనునది విచారింపదగిన విషయము.

ఈ పలక టెలివిజను వలె వెలుగు చిమ్మునది కాదు. చీకటిలో చదువుటకై కొన్నింటి అంచులయందు చిన్న దీపములు అమర్తురు గాని, పగటివేళ అది కాగితము వలెనే బయటి వెలుగుతో కనబడును. దాని పొరయందు వెండ్రుక మందము గల సూక్ష్మమైన గుళికలు లెక్కకు మిక్కిలిగా నుండును. ప్రతి గుళికలో తెల్లని రేణువులును నల్లని రేణువులును వేర్వేరు విద్యుదావేశములతో ద్రవమునందు తేలుచుండును. విద్యుత్తు సోకగా ఒక జాతి పైకి వచ్చును, రెండవది అడుగునకు పోవును. అటుపిమ్మట విద్యుత్తు లేకున్నను ఆ రూపము చెదరదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ జేకబ్సన్ అను శాస్త్రజ్ఞుడును ఆతని శిష్యులును దీనిని రూపొందింపగా, 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడెను. 2004లో జపానునందు సోనీ సంస్థవారు ఇట్టి పలకను చదువరులకు అందించిరి. 2017లో వచ్చిన నార్వేవారి రిమార్కబుల్, 2022లో వచ్చిన అమెజాన్‌వారి కిండిల్ స్క్రైబ్ చదువుటకే గాక గీయుటకును పనికివచ్చునవి.

ఇట్టి పలకలలో పెక్కింటి కలములకు బ్యాటరీ లేదు. పలక క్రింద అయస్కాంత క్షేత్రము పుట్టును. కలములోని తీగచుట్ట దానినుండియే శక్తిని గ్రహించి తానున్న చోటును, వ్రేలి ఒత్తిడిని తెలియజేయును. ఆ ఒత్తిడిని 4096 మెట్లుగా గుర్తించు పలకలు కలవు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుకలమునకు ఉన్ని చుట్టి, దానిని వ్రేళ్లతో నొక్కుచు రంగును విడుతురు. ఒత్తిడియే గీతకు ప్రాణమని వారెరుగుదురు. యంత్రము చేసినవారును ఆ సంగతి మరువకపోవుట మెచ్చదగినది.

ఈ పలకలకు లోపములున్నవని విమర్శించువారు మొదట రంగుల మాట ఎత్తుదురు. సాధారణముగా వీనియందు నలుపు మొదలు తెలుపు వరకు 16 ఛాయలే కలవు. రంగులు చూపునవి ఇటీవల వచ్చినవి గాని ఆ రంగులు వెలవెలబోవుచుండును. అయితే నేర్చుకొనువానికి ఇది లోపమేనా? ఎద్దు బొమ్మకు గోధుమరంగు పూసినచో మూపురము వంకర కొంత మరుగుపడును. నల్లని గీత మాత్రమే ఉన్నచో ఆ వంకర దాగుటకు చోటు లేదు. బాపు (1933–2014) తెలుగు పత్రికలకు గీచిన బొమ్మలను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క గీత యెక్కడ లావై, యెక్కడ సన్నగిల్లి, యెక్కడ ఆగిపోయినదో చూచినచో చాలును.

అందరును మెచ్చు సౌకర్యము వేరొకటి కలదు. వ్రేలితో తాకినంతనే కడపటి గీత మాయమగును. అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. పలకపై బలపముతో దిద్దిన తరములవారు చెరుపుటనే తప్పనజాలరు, వారును చెరిపినవారే. కాని పలకను తుడుచుటకు తడిగుడ్డ వెదకవలసియుండెడిది. ఆ వెదకు సమయమున కన్ను తప్పును చూచెడిది. రెప్పపాటున చెరిపినచో, కాలు పొట్టిదైనదో పొడుగైనదో తెలియకమునుపే గీత పోవును. చేయి మరల అదే గీతను గీయును, మరల చెరుపును. ఇరువదిసార్లు అట్లు చేసినను నేర్చినది ఏమియు నుండదు.

విచిత్రమేమనగా, ఈ పలకపై చెరిపిన గీత ఒక్కొక్కప్పుడు పూర్తిగా పోక సన్నని నీడవలె మిగులును. పలక ఒకసారి నల్లబడి తెల్లబడినగాని ఆ నీడ తొలగదు. దీనిని వర్తకులు దోషమందురు. విద్యార్థి పాలిటికి ఇది దోషము కాదు. పాత గీతనీడను చూచుచు క్రొత్త గీత గీయువాడు తన తప్పును కొలుచుకొనగలడు.

యంత్రముపై గీచినది చిత్రమే కాదను వాదము నిలువదు. 1963లోనే ఐవన్ సదర్లండ్ స్కెచ్‌ప్యాడ్ అను ఏర్పాటుతో కంప్యూటరు తెరపై కాంతికలముతో గీతలు గీయించెను. ఆంగ్ల చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2011లో యార్క్‌షైర్ వసంతమును ఐప్యాడ్‌పై చిత్రించెను. అది వెలుగు చిమ్ము రంగుల పలక. హాక్నీ దానిని చేపట్టునాటికి దశాబ్దముల తరబడి కాగితముపైనను వస్త్రముపైనను చేయి తిప్పినవాడు. ఈ సంగతిని వర్తకులు చెప్పరు.

ఇక ధర. ఈ పలక వెల అనేక వేల రూపాయలు. పెన్సిలు, తెల్లకాగితము చేతనున్న విద్యార్థి దీనికొరకు తల్లిదండ్రులను పీడింపనక్కరలేదు. పైన చెప్పిన అభ్యాసమంతయు కాగితముపై సాగును. పాఠశాలకు అట్టి పలక యొకటి లభించినచో ఉపయోగమొకటి కలదు. వేలకొలది పుటలను అది దాచగలదు. విద్యార్థి ఆషాఢమున గీచిన ఎద్దును మాఘమున గీచిన ఎద్దు ప్రక్కన నిలిపి ఉపాధ్యాయుడు చూపవచ్చును. అందులకై విద్యార్థి తప్పుగా వచ్చిన బొమ్మను చెరుపక, క్రొత్త పుట తెరిచి మరల గీయవలెను. పుటలకు అక్కడ కరవు లేదు.