ట్యాంకు కొనే ముందు దిమ్మె సంగతి చూడండి



ఈసారి పంటల గురించి కాదు, పెరటి గురించి రాస్తున్నా. పోయిన వారం మా వీధిలో మూడిళ్ళకి కొత్త ట్యాంకులు దిగాయి. కుళాయి నీళ్ళు పొద్దున ఓ గంట వచ్చి పోతున్నాయి, ట్యాంకు లేకపోతే గడవదు. నేను కాదనను. అయితే ముగ్గురినీ ఒకటే అడిగా, దిమ్మె ఎట్టా కడుతున్నారని. అందులో ఒకతను నవ్వి, "దాందేముంది మామా, నాలుగు పిల్లర్లు లేపి పైన నాపరాయి పరిస్తే సరి" అన్నాడు.

సరిగ్గా ఈ మాటే నేను ఆరేళ్ళ కింద అన్నా. ఆ మాట నాకు ఎంతకి పడిందో మీకు చెప్పాలనే ఈ పోస్టు.

మా ఇల్లు నల్లరేగడి మీద ఉంది. పెరట్లో బావి గట్టు పక్కన 1000 లీటర్ల ట్యాంకు పెడదామనుకున్నాం. ట్యాంకు మాత్రం మంచి కంపెనీది, మూడు పొరలదే కావాలని పట్నం పోయి తెచ్చా. దిమ్మె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగింది. మేస్త్రి అప్పుడే చెప్పాడు, "బాబాయ్, ఇది రేగడి. అడుగున్నర గుంట చాలదు, గట్టి నేల తగిలేదాకా పోవాలి, ఇంకో రెండు రోజుల పని" అని. "మేడ కడుతున్నామా ఏంది, నీళ్ళ ట్యాంకే గదా" అన్నా. అడుగున్నర లోతున తొమ్మిదంగుళాల ఇటుక పిల్లర్లు నాలుగు, ఆరడుగుల ఎత్తు, పైన రెండు నాపరాళ్ళు పక్కపక్కన. రోజున్నరలో అయిపోయింది. కిందనే కుళాయి పెట్టించాం. అంట్లు, బట్టలు, పాలక్యాన్లు, మనవడి స్నానం అన్నీ అక్కడే.

రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. రెండో ఏడు ఎండల్లో కుళాయి వైపు పిల్లరుకీ నాపరాయికీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. చూశా. ఒక రాతి పెచ్చు దూర్చి ఊరుకున్నా. చూసి కూడా ఊరుకోవడం, అదీ నేను చేసిన తప్పు.

ఆ ఏడు కార్తీకంలో ఒక పొద్దున, ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. మా ఇంటావిడ దాని కింద కూర్చుని క్యాన్లు తోముతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి లోపలికి పోయింది. గడప దాటిందో లేదో, పెద్ద చప్పుడు. నాపరాయి నడిమికి విరిగి, పిల్లరు ఒరిగి, ట్యాంకు మొత్తం కూలబడింది. ఆమె కూర్చున్న పీట రాయి కింద రెండు ముక్కలైంది. మనవడికి నీళ్ళు పోసే వేళకి ఇంకా అరగంట ఉంది.

ఎవరికీ ఏం కాలేదు. ఆ పొంగిన పాలే కాపాడాయి. అట్టా అని ప్రతి ఇంట్లోనూ ఆ టయానికి పాలు పొంగవు గదా.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. మనం ట్యాంకుకి పెట్టే శ్రద్ధ దిమ్మెకి పెట్టడం లేదు. ట్యాంకుకి ఎంత పెడితే, దిమ్మెకి అంతకంటే తక్కువ పెట్టకూడదు. అంత డబ్బు చేతిలో లేకపోతే ట్యాంకు కొనడం ఒక పంట ఆపండి. దిమ్మె మాత్రం తగ్గించి కట్టొద్దు.

ఎందుకంటారా? ముందు బరువు సంగతి చూడండి. లీటరు నీళ్ళు కిలో. 1000 లీటర్లంటే టన్ను, అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 20. నాలుగు ఇటుక పిల్లర్ల మీద 20 బస్తాల సిమెంటు పేర్చి, దాని కింద పిల్లోడికి స్నానం చేయిస్తామా? చేయించం. నీళ్ళు అనేసరికి అది బరువుగా మన బుర్రకి తోచదు, అంతే.

నాలుగు కాళ్ళుంటే బరువు నాలుగు భాగాలవుతుంది గదా అంటారు. నులక మంచం తెలుసు గదా, ఒక కోడు పొట్టిదైతే ఏమవుతుంది? మిగతా మూడూ సమానంగా మొయ్యవు. మంచం రెండు కోళ్ళ మీద ఊగుతుంది. పిల్లరైనా అంతే. ఒకటి కాస్త కుంగిందంటే, దానికి అటూ ఇటూ ఉన్న రెండింటి మీదే ఆ టన్ను పడుతుంది. పైనున్న నాపరాయి మెలి తిరుగుతుంది. నాపరాయి నేల మీద పరిస్తే ఎంత బరువైనా కాస్తుంది. రెండు చివర్లా ఆనించి నడుమ బరువు పెడితే మాత్రం చెప్పకుండా విరుగుతుంది. ఇనుము అయితే వంగి చూపిస్తుంది, రాయి చూపించదు.

రెండోది నేల. రేగడి గురించి పత్తి, మిరప వేసే మీకు నేను చెప్పేదేముంది? ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలు. వాన పడితే ఉబ్బి ఆ నెర్రెలన్నీ మూసుకుంటాయి. చేలో పాతిన కంచె రాళ్ళు రెండేళ్ళకి ఒక పక్కకి వాలడం చూసే ఉంటారు. ఆ నేల మీదే మనం ట్యాంకు నిలబెడుతున్నాం. పైగా దాని కిందనే కుళాయి పెట్టి రోజూ తడుపుతున్నాం. మా కుళాయి వైపు మట్టి ఎప్పుడూ తడే, అవతలి వైపు మట్టి ఎండ్రాయి. ఒక పక్క ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇంకో పక్క బిగుసుకుంటుంది. దిమ్మె ఒరగక ఏం చేస్తుంది? తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది, మా ట్యాంకుని పడగొట్టింది దానిలో ఉన్న నీళ్ళ బరువు ఒక్కటే కాదు. మూడేళ్ళుగా మేం కింద పారబోసిన నీళ్ళు కూడా.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ మాట. "ఎత్తులో ఉంటేనే ధార బాగా వస్తుంది, అందుకే పిల్లర్లు" అంటారు. డ్రిప్పు పెట్టుకున్నవాళ్ళకి ప్రెషరు లెక్క తెలుసు. కిలో ప్రెషరు రావాలంటే నీళ్ళు సుమారు 10 మీటర్ల ఎత్తున ఉండాలి, అంటే 33 అడుగులు. నాలుగడుగుల దిమ్మెని ఏడడుగులు చేస్తే పెరిగేది కిలోలో పదో వంతు కూడా ఉండదు. ఆ మూడడుగుల కోసం ప్రమాదం మూడింతలు ఎందుకు? అరంగుళం పైపు తీసి అంగుళం పైపు వెయ్యండి, కుళాయి కూడా పెద్దది పెట్టండి, బకెట్టు తొందరగా నిండుతుంది. బాత్‌రూములో షవరే కావాలంటే అది మేడ మీద ట్యాంకు పని. స్లాబు ఎక్కడ మోస్తుందో ఇంజనీరుని అడిగి పెట్టుకోవాలి.

ఇంకొకరు "ఇదంతా డబ్బున్నోళ్ళ మాట" అన్నారు. నేను మూడెకరాల రైతుని. లెక్క దాపరికం లేకుండా చెప్తా. మొదటి దిమ్మెకి 3,500 అయింది, ట్యాంకుకి 7,000. కూలినప్పుడు ట్యాంకు పగిలింది, పైపులు పోయాయి. మళ్ళీ ట్యాంకు, మళ్ళీ దిమ్మె. రెండో దిమ్మెకి పాత గొడ్లపాక గోడ రాయి వాడుకుంటే కూడా 14,000 దాటింది. మొదటే ఆ పని చేసుంటే 10,500 మిగిలేవి. చవకగా కట్టడమే నాకు ఖరీదైంది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. వాళ్ళ ఇంటి వెనక వేడినీళ్ళ తొట్టి పెట్టించుకున్నాడు, నలుగురైదుగురు కూర్చునేంతది. ఫోనులో చూపిస్తే మేం నవ్వుకున్నాం, బావి గట్టున స్నానం చేసినోడికి ఇప్పుడు తొట్టి కావాల్సొచ్చిందే అని. అయితే ఒక మాట చెప్పాడు. తొట్టి ఆర్డరు ఇవ్వకముందే కింద కాంక్రీటు దిమ్మె పోయించాడట. నీళ్ళు, మనుషులు కలిపి రెండు టన్నులు దాటుతుంది, చెక్క అరుగు మీద పెట్టాలంటే అది మోస్తుందో లేదో ఇంజనీరు చూడాలన్నారట. వాడు విలాసానికి పెట్టుకున్న తొట్టికి ఉన్న జాగ్రత్త, మనం అవసరానికి పెట్టుకున్న ట్యాంకుకి లేదు. నవ్వాల్సింది వాణ్ణి కాదు అనిపించింది.

రెండోసారి నేను కట్టిన పద్ధతి చెప్తా. ఇదే వేదం అనడం లేదు, మీ నేలని బట్టి మీ మేస్త్రితో మాట్లాడుకోండి.

ఆరడుగుల చదరం గుంట తీశాం. నాలుగడుగులకి గరుసు తగిలింది, అక్కడ ఆగాం. లోతు ఎంతన్నది టేపు చెప్పదు, నేల చెప్పాలి. నల్లమట్టి దాటేదాకా పోవాలి. మరీ లోతు రేగడి అయి గట్టి నేల తగలకపోతే అప్పుడు ఇంజనీరుని పిలవడమే మంచిది. అడుగున నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టి, ఒకటికి నాలుగు ఇసుక, ఎనిమిది కంకర పాళ్ళలో ఆరంగుళాల బెడ్డు పోశాం. దాని మీద ఐదడుగుల చదరాన చుట్టూ 15 అంగుళాల మందం రాతి కట్టుడు, ఒకటికి ఆరు సిమెంటు మాలుతో, నేలకి నాలుగడుగుల పైదాకా. నడుమ మిగిలిన ఖాళీలో గరుసు నింపాం. ఆరేసి అంగుళాలకి ఒకసారి నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టాం. తవ్విన నల్లమట్టి ఉంది గదా అని అదే లోపల నింపొద్దు. తడిస్తే ఉబ్బి గోడల్ని బయటికి తోస్తుంది. గోడకి బయట గుంటలో మిగిలిన సందు కూడా గరుసుతోనే పూడ్చాం.

పైన ఐదంగుళాల స్లాబు. 8 ఎం.ఎం. చువ్వలు రెండు వైపులా ఆరంగుళాలకొకటి, ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. చువ్వలు కింద చెక్కకి ఆనకుండా అంగుళం మందం సిమెంటు బిళ్ళలు పెట్టించా. చువ్వ బయటపడితే తుప్పు పట్టి స్లాబుని అదే పగలగొడుతుంది. పైభాగం రసమట్టం పెట్టి చూశాం. ట్యాంకు అడుగు మొత్తం దిమ్మె మీద ఆనాలి. అంచు గాల్లో ఉండకూడదు, కింద రాయి ముక్కలు, గులకలు ఉండకూడదు. మా ట్యాంకు మూడున్నర అడుగుల వెడల్పు, దిమ్మె ఐదడుగులు. నాలుగు పక్కలా జాగా మిగిలింది.

తర్వాత పది రోజులు తడి ఆరనివ్వకుండా గోనెపట్టాలు కప్పి నీళ్ళు కొట్టాం. 28 రోజులు ఆగి ట్యాంకు ఎక్కించాం. ఇంట్లో వాళ్ళు బిందెలు మోసి విసుక్కున్నారు, నిజమే. మొదటి రోజు పావు వంతు నింపి, మర్నాడు సగం, మూడోనాడు నిండా నింపి మట్టం చూశా. వెంట్రుకవాసి కదల్లేదు.

కుళాయి మాత్రం దిమ్మె దగ్గర పెట్టలేదు. పన్నెండడుగుల దూరానికి పైపు లాగి అక్కడ చిన్న గట్టు కట్టాం. ఆ నీళ్ళు కాలువ గుండా అరటి చెట్లకి పోతాయి. దిమ్మె చుట్టూ నేల పొడిగా ఉంటుంది, ఆడవాళ్ళు ట్యాంకు కింద కూర్చోవాల్సిన పని లేదు. మొత్తం కట్టుబడిలో చవకైనదీ, నా లెక్కలో ముఖ్యమైనదీ ఇదే.

ఇప్పటికే పిల్లర్ల మీద ట్యాంకు ఉన్నవాళ్ళు రేపు పొద్దున్నే నాలుగు చూడండి. పిల్లరు పక్కన తూకపుగుండు వదిలి ఒరిగిందేమో చూడండి. నాపరాయి అడుగు భాగాన వెంట్రుక లాంటి గీత ఉందేమో టార్చి వేసి చూడండి, ట్యాంకు ఖాళీ చేశాకే దాని కిందికి వెళ్ళండి. ట్యాంకు అడుగు జాయింటు మాటిమాటికీ కారుతుంటే ప్లంబర్ని పిలిచే ముందు దిమ్మె కదిలిందేమో చూడండి. పిల్లరు మొదట్లో నీళ్ళు నిలుస్తుంటే ఈరోజే కాలువ తీయండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ట్యాంకు కిందికి దించి నేల మీదే పెట్టి వాడుకోండి. చెంబుతో ముంచుకుంటే పరువేం పోదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం గట్టి దిమ్మె మీద ఉన్న ట్యాంకుని ఖాళీగా వదలొద్దు. ఖాళీ ట్యాంకుని గాలి లేపుతుంది, నీళ్ళు నింపి తాడుతో కట్టండి.

మా వీధిలో ఆ ముగ్గురిలో ఇద్దరు నా మాట విని గుంట లోతు చేయించారు. మూడో అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాళ్ళ అమ్మాయి కూడా ఆ కుళాయి కిందే కూర్చుని అంట్లు తోముతుంది. ఈ పోస్టు అతను చదువుతాడనే రాశా. తమ్ముడూ, నేను చాదస్తపోణ్ణే అనుకో, పర్లేదు. ట్యాంకు ఎక్కించే ముందు ఒక్కసారి మా ఇంటికి రా. విరిగిన ఆ పీట చూపిస్తా.

ఉంటాను. మీ ఊళ్ళో ఏ నేల మీద ఎట్టా కడుతున్నారో రాయండి, నలుగురికీ పనికొస్తుంది.