పసివారి పళ్ళు, ప్రవక్త సౌలభ్యం

తన ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న తలంపే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించి ఉండేవాడినని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. ఈ హదీసులో పరిశుభ్రతతోపాటు కారుణ్యమూ ఉంది. మరి మనం పళ్ళు తోమటాన్ని పసివారికి రోజూ ఒక శిక్షగా ఎందుకు మారుస్తున్నాం?

పాలపళ్ళు 20. ఎలాగూ ఊడేవే కదా అని ఉపేక్షిస్తే పిప్పిపన్ను నొప్పి బిడ్డ తిండినీ నిద్రనూ హరిస్తుంది. అవి అకాలంలో పోతే శాశ్వత దంతాల వరుస తప్పవచ్చు.

బ్రష్ కొనేటప్పుడు చిన్న గుప్పెటకు అమరే లావుపాటి పిడి, మెత్తని పోగులు చూద్దాం. రంగును బిడ్డనే ఎంచుకోనిద్దాం. వెదురు పిడి మట్టిలో కలుస్తుంది. నైలాన్ పోగులు కలవవు, వాటిని పీకి వేరుచేయాలి. ‘సహజమైన పోగులు’ అని రాసి ఉంటే విచారించి తీరాలి. కొన్నింటిలో పంది వెంట్రుకలు వాడతారు.

ఫ్లోరైడ్ పేస్టు 3 ఏళ్ళలోపు వారికి బియ్యపు గింజంత, ఆపైన 6 ఏళ్ళ వరకు బఠానీ గింజంత చాలు.

వుజూ వేళ తండ్రి మిస్వాక్, బిడ్డ బ్రష్ పక్కపక్కనే కదిలితే అదే ఆట. బిడ్డ తోమాక మనమూ ఒకసారి తోమి ముగిద్దాం. ఆ ఆటే అలవాటై, సున్నత్ పట్ల ప్రేమగా ఎదుగుతుంది, ఇన్షాఅల్లాహ్.