అవిసెగింజల మహిమ

మా వదిన రోజూ పొద్దున్నే రెండు చెంచాల అవిసెగింజల పొడి మజ్జిగలో కలుపుకుని తాగుతుంది. నడుం నొప్పి, ఒంట్లో ఆవిర్లు. ఎముకలు గుల్లబారతాయని భయం. "హార్మోను మాత్రలు వేసుకుంటే కేన్సరట. ఇది మొక్కల హార్మోను, సహజం. ఏ హానీ చెయ్యదు" అంటుంది.

శరీరంలో హార్మోనులా పనిచేసేదైతే మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. కీడు చేసే శక్తి లేదంటే మేలు చేసే శక్తీ అనుమానమే. మొక్కల ఈస్ట్రోజెన్ గురించి లోకానికి గట్టిగా చెప్పింది మందుల షాపు కాదు, గొర్రెలు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ గడ్డి మేసిన మందలు గొడ్డుబోయాయి. ఆ గడ్డీ సహజమే.

ఎముకకు ఈస్ట్రోజెన్‌తో లంకె నిజం. ముట్లుడిగాక అది తగ్గిపోతే ఎముక అరుగుదల పెరుగుతుంది. సోయాలోనూ మొక్కల ఈస్ట్రోజెన్ ఉంది. జపాన్‌లో సోయా ఎక్కువ తింటారు, అక్కడ తుంటి ఎముక విరగడం తక్కువ, కాబట్టి సోయాయే కారణమన్నారు. అక్కడి ఆడవాళ్ల వెన్నుపూసలు మాత్రం తక్కువేమీ విరగవు. ఆ మాట పెద్దగా వినిపించలేదు.

ఊహ సరే, పరీక్ష మాటేమిటి? మయామిలో 248 మంది స్త్రీలకు రెండేళ్ల పాటు, కొందరికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు (సోయాలోని మొక్కల ఈస్ట్రోజెన్లు), కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2011లో ఫలితం వచ్చింది: ఎముక అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఆవిర్లు సోయా తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ, 48 శాతం. రెండో జట్టులో 32. మరి అవిసె? క్యూబెక్‌లో 199 మంది మీద పరీక్షించారు, కొందరికి ఏడాది పొడవునా రోజూ 40 గ్రాములు ఇచ్చి. 2005లో తేలింది అదే, ఎముక గట్టిపడలేదు. ఇటలీలో ఆ ఐసోఫ్లేవోన్లలో ఒకటైన జెనిస్టీన్‌ను మాత్రమే మందుగా ఇస్తే ఎముక సాంద్రత పెరిగిందని 2007లో వచ్చిన మాట నిజమే, దాన్ని దాచను. కానీ అది కొలిచిన మోతాదులో ఇచ్చిన మాత్ర, మజ్జిగలో చెంచా పొడి కాదు.

అవిసెలో పీచుంది, మంచి కొవ్వుంది, తినొచ్చు. పేచీ గింజతో కాదు, దానికి అంటగట్టిన మహిమతో. ఎందుకంటే ఆ మహిమ చాటున ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు దాక్కుంటాయి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అది పేదల తిండని మన ఇళ్లలో ఎప్పుడో మానేశాం. అందరూ తిన్నాక మిగిలింది తినడం ఇల్లాలి ధర్మమన్నాం. పాల సంగతి అడిగితే వదిన నవ్వింది. "పిల్లలకీ, మీ అన్నయ్య కాఫీకీ పోగా ఏం మిగులుతాయి?"

ఇంకోటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంలో అది 3 శాతం. పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముందన్న నమ్మకం మనది. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అవి ఉంచినా కొన్నేళ్ల ముందే చతికిలబడవచ్చు.

వదినకు 37వ ఏట ఆపరేషన్ అయింది. పుండుంది, ఉంచితే కేన్సర్ అవుతుందన్నారట. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగాను. ఆమెకు తెలియదు. అన్నయ్యకూ తెలియదు. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయట.